తోడు వెళ్ళిన గడియారం

పోయిన వారం టైలరమ్మను మెడలో టేపుతో, నోట్లో గుండుసూదులతో నిలబెట్టేసి వచ్చాం. ఆడపడుచు అడిగిన మాటకు జవాబు చెప్పాలంటే ముందు ఆ సూదులన్నీ బయటికి తీయాలి కదా, పాపం, అందుకే ఆలస్యమైంది.

ఆడపడుచు అడిగింది ఇది: "నేనెక్కడికి వెళ్తున్నానో ఆయనకు చెప్తున్నది నువ్వేనా వదినా?"

ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. టైలరమ్మ ఆ ఇంటి కోడలు. ముందు గదిలో మిషను పెట్టుకుని ప్యాంట్లు పొట్టి చేయడం, కోట్లు వదులు చేయడం, పాడైన జిప్పులు మార్చడం ఆమె పని. మొగుడు సరుకుల లారీ డ్రైవరు, ఇంట్లో కంటే రోడ్డు మీదే ఎక్కువ కనిపిస్తాడు. మామగారు సిటీ బస్సు నడిపి రిటైరయ్యారు. ఆయన కూతురు ఈత నేర్పే టీచరు. నడక రాకముందే తొట్టిలో కాళ్ళాడించిందని ఇంట్లో అందరూ ఆమెను "చేప" అనే పిలుస్తారు. ఆ చేప మొగుణ్ణి వదిలేసి పుట్టింటికి వచ్చేసింది.

ఎందుకొచ్చిందో బంధువులకు ఇప్పటికీ అర్థం కాలేదు. అల్లుడు కొట్టలేదు, తిట్టలేదు, తాగలేదు. అడిగేవాడు, అంతే. అతనికి ఫోన్లూ, కెమెరాలూ, ఫోనుతో తెరుచుకునే తాళాలూ అమ్మే షాపుంది. సొంత ఇంట్లో తలుపు, లైట్లు, ఏసీ, చివరికి బట్టలుతికే మిషను కూడా అతని జేబులోంచే పలికేవి. "పొద్దున తలుపు అన్నిసార్లు తీశావేం?" "వంటింట్లో లైటు అంతసేపు వెలిగింది, ఎవరైనా వచ్చారా?" అన్నీ నవ్వుతూనే అడిగేవాడు. వినేవాళ్ళకు అది ప్రేమలా ఉండేది, జవాబు చెప్పుకునే మనిషికి మాత్రం ఊపిరాడేది కాదు.

పుట్టింటికి వచ్చాక కూడా ఆ నీడ వదల్లేదు. చేప బ్యాంకుకు వెళ్తే బ్యాంకు మెట్ల మీద అల్లుడు. పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్తే అక్కడ కుర్చీలో పేపరు తిరగేస్తూ అల్లుడు. లాయరు ఆఫీసు నుంచి దిగి వస్తుంటే కింద గొడుగు పట్టుకుని అల్లుడు. ప్రతిసారీ "అరె, నువ్వూ ఇటేనా!" అని తెగ ఆశ్చర్యపడిపోయేవాడు. పని చేస్తున్న ఈతకొలను అతనికి ముందే తెలిసిన చోటు. రోజూ గేటు దగ్గర నిలబడి నవ్వేసరికి పిల్లల తల్లులు గొణిగారు, మేనేజరు గొణిగాడు, ఆ ఉద్యోగం కాస్తా ఊడింది. ఇప్పుడు నగరానికి ఆ చివర ఇంకో ఈతకొలను వాళ్ళు రమ్మన్నారు. పొద్దున్నే వెళ్ళి, వాళ్ళ ముందు నీళ్ళలో దిగి, పాఠం చెప్పి చూపించాలి. ఆ సంగతి ఇంట్లో వాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు. అక్కడికి కూడా అల్లుడు వచ్చాడంటే ఆ ఉద్యోగమూ దక్కదు, ఈ నగరంలో చేపకు ఇక నీళ్ళు లేనట్టే.

టైలరమ్మ చివరి సూది కూడా తీసి సూదుల దిండులో గుచ్చింది.

"నేనా? నేనెందుకు చెప్తాను?"

"మరి ఇదేంటి?" అంటూ చేప హ్యాంగరు మీద ఉన్న బూడిద రంగు కోటును లాగింది. "ఇది మా అత్తగారి కోటు. నాకు తెలియదనుకున్నావా? ఆవిడ ఇక్కడికొస్తోంది. నీతో కబుర్లాడుతోంది."

"వస్తే? చేతులు పొడుగైపోయాయంది, మడిచి కుడుతున్నాను. నీ అత్తగారైతే మాత్రం ఆవిడకు చేతులుండకూడదా?"

మామూలు రోజైతే ఆ మాటకు ఇద్దరూ పడీ పడీ నవ్వేవాళ్ళు. చేప నవ్వలేదు. కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుంది.

"నేను ఎవరితోనూ చెప్పను వదినా. స్నేహితులతో చెప్పడం మానేశాను. ఫోను కొత్తది, నంబరు కొత్తది. నాన్న నాతోనే ఉంటాడు. అన్నయ్య రోడ్డు మీదుంటాడు. ఇంక మిగిలిందెవరు? నువ్వే చెప్పు."

టైలరమ్మకు కోపం వచ్చింది. కోపం కంటే ముందు చాలా బాధేసింది. ఈ పిల్ల ఆ ఇంటి నుంచి సంచితో వచ్చిన రోజున తన మంచం ఇచ్చి, తను మిషను పక్కన చాప వేసుకున్నది. ఎదురు మాట చాలా గట్టిది నాలుక చివరికి వచ్చింది కూడా. ఆ మాట బయటపడి ఉంటే ఈ కథ ఇంకోలా పోయేది. సరిగ్గా అప్పుడే మామగారి ఫోను మోగింది.

మామగారికి చెవులు అంతంతమాత్రం. అందుకని ఫోనెప్పుడూ స్పీకరులోనే. ఆయనకొచ్చే ఫోన్లు ఇల్లంతా వినాల్సిందే, ఇష్టం లేకపోతే వీధిలోకి వెళ్ళాల్సిందే.

"మామయ్యగారూ!" అంది అల్లుడి గొంతు, నిండుగా, ఆప్యాయంగా. "ఇవాళ నడక బాగా తగ్గించారే! ఒంట్లో బాగానే ఉందా?"

"బాగానే ఉంది బాబూ. వాన పడితే బయటికి పోలేదు."

"అదే అనుకున్నాను. రేపు ఎటైనా దూరం వెళ్తున్నారా? మీ వాచీలో ఛార్జింగు సగమే ఉంది. ఈ పూటే పెట్టేసుకోండి, దారిలో ఆగిపోతే ఇబ్బంది."

"పెట్టుకుంటానులే. చల్లగా ఉండు నాయనా."

ఫోను పెట్టేసి మామగారు ముఖం వెలిగిపోతుండగా చెయ్యెత్తి చూపించారు. ఆ చేతికి నల్లటి వాచీ. "చూశారా? నా కన్నకొడుకు కూడా అడగడు ఇంత శ్రద్ధగా. మీ ఇద్దరి గొడవలు మీవి చేపా, నేను తప్పుపట్టను. కానీ ఆ అబ్బాయి నా ప్రాణం నిలబెట్టినవాడు."

ఆ మాటా నిజమే. చేప కాపురం ఇంకా సాగుతున్న రోజుల్లో అల్లుడు ఆ వాచీ కొని తెచ్చి, తనే ఫోనుకు కలిపి, తనే ఆయన చేతికి పెట్టాడు. ఒక రోజు ఆయన బాత్రూములో కళ్ళు తిరిగి పడిపోయారు. లోపల గడియ, బయట కుట్టుమిషను చప్పుడు. టైలరమ్మకు ఏమీ వినపడలేదు. వాచీయే కనిపెట్టింది. అల్లుడి దగ్గర నుంచి ఫోను: "చెల్లెమ్మా, బాత్రూము తలుపు పగలగొట్టండి, మామయ్యగారు పడిపోయారు." ఇంకాస్త ఆలస్యమైతే మనిషి దక్కేవాడు కాదన్నాడు డాక్టరు. ఆ వాచీ లేకుండా గడప దాటొద్దని కూడా గట్టిగా చెప్పాడు. అప్పటి నుంచి మామగారికి ఆ వాచీ అంటే పంచప్రాణాలు. "లేచి నడవండి" అని అది బీప్‌మంటే, "ఇప్పుడే కూర్చున్నాను కదా!" అని దాంతో తగవు పడతారు. ఒకసారి పార్కులో పేకాటలో గెలిచిన ఊపులో బల్ల మీద గట్టిగా చరిస్తే, ఆయన పడిపోయారనుకుని కబురు పంపేసింది. అల్లుడు షాపు మూసి పరుగెత్తుకొచ్చాడు. ఆ సంగతి చెప్పుకుని నెల రోజులు నవ్వుకున్నారు.

టైలరమ్మ మాత్రం ఇప్పుడు నవ్వడం లేదు. కోటు చేప చేతిలోంచి తీసుకుని అలాగే నిలబడిపోయింది. నడక తగ్గిందట, ఛార్జింగు సగమే ఉందట. రోజూ వింటున్న మాటలే ఇవి. రోజూ వింటున్నవి కాబట్టే ఇన్నాళ్ళూ ఎవరూ వినలేదు.

"చేపా," అంది నెమ్మదిగా. "నువ్వూ నేనూ జిప్పుల బజారుకు వెళ్ళాం గుర్తుందా? వచ్చాడా?"

చేప కళ్ళు తుడుచుకుంది. "లేదు."

"నేనే చెప్తున్నదాన్నైతే ఆ రోజు రావాలిగా? సరే, అది వదిలెయ్. మామయ్యగారికి జ్వరం వచ్చినప్పుడు నువ్వొక్కదానివే కళ్ళద్దాలకు వెళ్ళావు. వచ్చాడా?"

"లేదు."

"బ్యాంకుకు నీకు తోడెవరు?"

చేప మెల్లిగా తండ్రి వైపు తిరిగింది. ఆయన వాచీ అద్దాన్ని చొక్కా అంచుతో తుడుచుకుంటున్నారు.

"ఏంటి, ఏం చూస్తున్నారు నన్ను?" అన్నారు మామగారు.

చెప్పాల్సి వచ్చింది. చెప్పింది టైలరమ్మే. ఆయన ఫోను తీసి ఆ వాచీ తాలూకు బొమ్మ నొక్కింది. ఇన్నాళ్ళూ ఎవరూ తెరిచి చూసిన పాపాన పోలేదు. అంతా అల్లుడు చూసుకుంటాడులే అన్న ధీమా. లోపల ఆయన గుండె, నడక, నిద్ర, అన్నీ రంగురంగుల్లో ఉన్నాయి. ఆ కింద మ్యాపు. మ్యాపులో వాళ్ళ వీధి, వీధిలో నీలం చుక్క. ఆ పక్కన "మీ కుటుంబం" అని రాసి అల్లుడి నవ్వు ముఖం.

"కూతురు ఒంటరిగా వెళ్ళకూడదని మీరు తోడు వెళ్తున్నారు మామయ్యగారూ. మీరు ఎక్కడుంటే అతనికి అక్కడ ఈ చుక్క కనిపిస్తోంది."

మామగారు ఆ చుక్కను చాలాసేపు చూశారు. మొదట ఒప్పుకోలేదు. "అది నా కోసం పెట్టాడు. నేను పడితే వెతుక్కోవడానికి." ఆ తర్వాత, "ఏదో అటుగా వెళ్తూ చూసి ఉంటాడు." ఇంకాసేపటికి ఆ మాటా ఆగిపోయింది. జీవితమంతా వేలమందిని వెనకాల కూర్చోబెట్టుకుని క్షేమంగా దింపిన మనిషి. సొంత కూతుర్ని మాత్రం చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ప్రతిసారీ అతని ముందే దింపారు.

"నేనా చేపా? ఇంతకాలం నేనేనా?"

చేప లేచి వచ్చి ఆయన మోకాళ్ళ దగ్గర కూర్చుంది. "నువ్వు కాదు నాన్నా. నీ చేతికున్నది."

ఆ తర్వాత వదిన వైపు చూసింది. క్షమించమని అడగబోయింది కానీ, టైలరమ్మ అడగనివ్వలేదు. "తర్వాత తీరిగ్గా కాళ్ళ మీద పడుదువుగానీ, ముందు ఇతన్ని ఇందులోంచి ఎలా పీకాలో చూడు" అంది.

చూశారు. ఆ యంత్రం న్యాయం విచిత్రంగా ఉంది. కుటుంబంలోకి కొత్తవాళ్ళను ఎవరైనా చేర్చుకోవచ్చు. మొదటివాణ్ణి తీసేయాలంటే మాత్రం మొదటివాడే ఒప్పుకోవాలి, అందుకు కావాల్సిన ఓటీపీ అతని ఫోనుకే వెళ్తుంది. టైలరమ్మ కూడా ఆ కుటుంబంలో ఉంది కానీ సగమే. మామగారు పడితే ఆమెకూ కబురొస్తుంది, మ్యాపు మాత్రం రాదు, అది ఎవరికి ఇవ్వాలన్నా మొదటివాడే ఒప్పుకోవాలి. "మీ ఫోనులో చోటెక్కడుంది చెల్లెమ్మా, అన్నీ గౌన్ల ఫోటోలే. మ్యాపు నా దగ్గరుంటే చాలదూ?" అన్నాడప్పుడు. హమ్మయ్య, ఒక బాధ తప్పిందనుకుంది ఆమె.

"తీసి చెరువులో పడేద్దాం" అంది చేప.

"అప్పుడు మనకు తెలిసిపోయిందని అతనికి తెలిసిపోతుంది," అంది టైలరమ్మ. "రేపు పొద్దున్నే గుమ్మంలో ఉంటాడు, వాచీ ఏమైంది మామయ్యగారూ అంటూ. నువ్వు గడప దాటలేవు. పైగా మామయ్యగారి సంగతేంటి? మొన్న కూడా కళ్ళు తిరిగాయన్నారు."

మామగారు అప్పటిదాకా కిందికి చూస్తూ ఉన్నవారు తలెత్తారు. ముఖంలో పాత డ్రైవరు కనిపించాడు.

"తీయొద్దు," అన్నారు. "ఛార్జింగు పెట్టండి. అతను చెప్పినట్టే నిండా పెట్టండి. రేపు నేను బయటికి పోతాను. మీరిద్దరూ కొలనుకు పొండి. నేను ఒక్కణ్ణే బస్సెక్కుతాను. ఒకటి దిగి ఇంకోటి ఎక్కుతాను. ఆ చుక్క వెంట తిరగనీ, ఎంతసేపు తిరుగుతాడో."

"ఏ బస్సు నాన్నా? ఎటు వైపు?"

"చెప్పను. ఈ ఇంట్లో జాడ చెప్పేది నేనేనని తేలింది కదా. ఇకనుంచి నేనెక్కడికి పోతానో ఎవరికీ చెప్పను. మీకు తెలిస్తే మీ ముఖాల్లోనే కనిపిస్తుంది, అతను ఫోను చేసి అడిగితే తడబడతారు."

"ఒక్కరే వద్దు మామయ్యగారూ. దారిలో కళ్ళు తిరిగితే?"

"వాచీ ఉందిగా. పడితే అదే చెప్తుంది."

"ఎవరికి చెప్తుంది?"

మామగారు వాచీ వైపు ఒకసారి చూసుకున్నారు. "నీకూ చెప్తుందిగా అమ్మాయ్" అన్నారు.

చివరికి ఆయన మొండితనమే గెలిచింది. టైలరమ్మ ఒక్క మాట మాత్రం తీసుకుంది: ఏ మాత్రం తేడాగా ఉన్నా దిగి, కూర్చుని, ఫోను చేయాలి, అల్లుణ్ణి తిప్పడానికని పార్కులోలాగా చెయ్యి చరిచి ఉత్తుత్తి పడటాలు పడకూడదు. "అలా చేస్తే నిజమేదో నాకు తెలియదు మామయ్యగారూ. నా గుండె ఆగిపోతుంది." ఆయన ఆమె తల మీద చెయ్యి వేసి ఒప్పుకున్నారు.

పొద్దున్నే ఆయన నున్నగా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, వాచీ పైకి కనబడేలా చేతిని మడిచి బయల్దేరారు, పెళ్ళికి వెళ్తున్నట్టు. మలుపు తిరిగేముందు వెనక్కి చూసి నవ్వారు కూడా. కాసేపాగి వదినా ఆడపడుచూ వెనక సందులోంచి బయటపడ్డారు.

కొత్త ఈతకొలను గాజు కప్పు కింద ఉంది. నీళ్ళ మీద ఎండ పలకలు పలకలుగా పడుతోంది. క్లోరిన్ మందు వాసన, తడి నేల, గోడకు వరసగా రంగురంగుల తేలే పలకలు. టైలరమ్మ గట్టున బెంచీ మీద కూర్చుంది కానీ కళ్ళు నీళ్ళ మీద లేవు, గేటు మీదున్నాయి. గేటు తెరుచుకున్నప్పుడల్లా ప్రాణం పోయి వస్తోంది. ఒక తల్లి వచ్చింది. ఒక ముసలాయన వచ్చాడు. నేల తుడిచే ఆవిడ వచ్చింది. అల్లుడు రాలేదు.

నీళ్ళలో చేప ఒక పసిదాన్ని వెల్లకిలా అరచేతుల మీద పడుకోబెట్టింది. "నేను పట్టుకునే ఉన్నాను. చెవులు మునగనీ, ఏం కాదు. పైకి చూడు," అంటోంది. పాప భయంతో బిగుసుకుపోయింది. కాసేపటికి వేళ్ళు వదులయ్యాయి. చేప ఒక చెయ్యి తీసేసింది, మెల్లిగా రెండోదీ తీసేసింది. పాప తేలింది. గట్టు మీదున్న మేనేజరమ్మ పక్కావిడతో ఏదో చెప్పి తలూపింది. చేప తల తిప్పి వదిన కోసం వెతికి, చూసి, పళ్ళన్నీ కనబడేలా నవ్వింది. ఆ నవ్వు చూసి ఎన్నాళ్ళయిందో! రాడు, ఇంక రాడు, మామగారు గెలిచారు అనుకుని టైలరమ్మ కూడా చెయ్యి ఊపింది.

ఊపుతున్న ఆ చేతిలోనే ఫోను వణికింది.

"మీ కుటుంబ సభ్యులు కింద పడినట్టున్నారు. స్పందన లేదు."

టైలరమ్మ ఒకటికి రెండుసార్లు చదివింది. తల మీద చెయ్యి వేసి మాటిచ్చిన మనిషి ఉత్తుత్తి పడటం పడడు. మామగారికి ఫోను చేసింది. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్ళీ చేసినా అంతే. అంబులెన్సుకు చేయబోయి వేలు ఆగింది. ఏ వీధి అంటే ఏం చెప్పాలి? ఆయన ఏ బస్సెక్కారో, ఎక్కడ దిగారో ఈ లోకంలో ఒకే ఒక్క మనిషికి తెలుసు.

నీళ్ళ వైపు ఒకసారి చూసింది. ఆ తర్వాత ఆ నంబరు నొక్కింది.

మొదటి గంటకే ఎత్తాడు, ఎదురు చూస్తున్నట్టు.

"అన్నయ్యగారూ, మామయ్యగారు పడిపోయారు! ఎక్కడున్నారో కొంచెం చూసి చెప్పండి, మీ ఫోనులో..."

"చూశాను చెల్లెమ్మా. కంగారు పడకండి." గొంతు ఎప్పటిలాగే నిండుగా, ఆప్యాయంగా ఉంది. "మామయ్యగారు ఎక్కడున్నారో నాకు కనిపిస్తూనే ఉంది. తప్పకుండా చెప్తాను."

కొలనులో పాప కేరింతలు కొట్టింది. ఆ కేరింత గాజు కప్పుకు తగిలి గదంతా మోగింది. ఫోనులో అవతలి గొంతు ఒక్క క్షణం ఆగి, ఆ చప్పుడు విన్నది.

"ముందు మీరు చెప్పండి చెల్లెమ్మా," అన్నాడు నవ్వుతూ. "మీరిద్దరూ ఇప్పుడు ఎక్కడున్నారు?"